మెట్లకి కూడా ఇంటర్వెల్

మనుషులు అలిసిపోతారని లోకంలో అందరికీ తెలుసు. వస్తువులు అలిసిపోతాయని తెలిసినవాడు మాత్రం ఒక్కడే ఉన్నాడు. ఆయన ఈ కథలోని కోడలికి మామగారు.

ఆయన లెక్కలో ఇస్త్రీపెట్టె అలిసిపోతుంది. నీళ్ళ మోటారు అలిసిపోతుంది. టీవీకి కళ్ళు మండుతాయి. మిక్సీ అయితే మరీ సుకుమారం, రెండు నిమిషాలు తిరిగిందో లేదో దానికి ఆయాసం వచ్చేస్తుంది. అలా వచ్చినప్పుడల్లా ఆయన ఎక్కడున్నా లేచి వచ్చి, స్విచ్చి ఆపి, దాని నెత్తిమీద అరచెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూసి, "పది నిమిషాలు ఇంటర్వెల్" అని ప్రకటించేవాడు. ఇంట్లో ఆయన చేతికి చిక్కనిది గోడగడియారం ఒక్కటే. అదైనా అత్తయ్య ముందుచూపుతో దాన్ని నిచ్చెన వేసినా అందనంత ఎత్తున కొట్టించబట్టి.

ఒకసారి జోరున వాన కురుస్తుంటే నడివీధిలో గొడుగు మూసేశాడు. "ఇందాకట్నుంచి తడుస్తోందే పాపం" అన్నాడు. ఇంటికొచ్చాక నాలుగు రోజులు తుమ్మాడు. గొడుగు మాత్రం కులాసాగా ఉంది.

ఈ పిచ్చి ఊరికే పట్టింది కాదు. ఆయన ముప్పై నాలుగేళ్ళు ఒకే సినిమాహాల్లో ఆపరేటర్‌గా చేశాడు. ఆ రోజుల్లో ప్రొజెక్టర్లు రెండుండేవి. ఒకదాని మీద రీలు ఆడుతుంటే రెండోది చల్లబడుతూ ఉండేది. "రెండెందుకు పెట్టారనుకున్నావ్? ఒకటి పని చేస్తుంటే ఒకటి ఊపిరి పీల్చుకోవద్దూ? అది కనిపెట్టినవాడు మహానుభావుడు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. హాలు మూతపడి, మెషిన్లు పాత ఇనుములోకి పోయినా ఆయన ఉద్యోగం మాత్రం మానలేదు. ఇల్లే హాలు, ఇంట్లో సామానే మెషిన్లు. వీధివీధంతా ఆయన్ని ఇంటర్వెల్ మామయ్య అనేవారు. తొమ్మిదేళ్ళ మనవరాలికైతే ఇంటర్వెల్ తాతయ్య.

దీనివల్ల ఎక్కువ నష్టపోయింది కోడలు. ఆమె ముందుగదిలో కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. కాలరు సగంలో ఉండగా, సూది పరుగు మీద ఉండగా, గుమ్మంలో మామయ్య ప్రత్యక్షమయ్యేవాడు.

"అమ్మాయ్, మోటారు వాసన వస్తోంది."

"రావట్లేదు మామయ్యా."

"నీకు తెలీదు. ముప్పై నాలుగేళ్ళు వాసన చూసినవాణ్ణి. కాలిపోయిందనుకో, బడి తెరిచేనాటికి బట్టలెలా ఇస్తావ్?"

అంటూనే ప్లగ్గు పీకి, తీగ చుట్టచుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని నడిచేవాడు. ఇక ఆమె ఏం చేస్తుంది? బొటనవేలితో ఎడమ కనుబొమ్మ రుద్దుకుంటూ, పళ్ళు నూరుకుంటూ, కుర్చీలో వెనక్కి వాలేది. పది నిమిషాలు కాగానే ఆయన తీగ తెచ్చి, "ఇప్పుడు చూడు, ఎలా పరిగెడుతుందో" అని ఇచ్చేవాడు. చిత్రంగా పరిగెత్తేది కూడా. అది ఇంకా మండించేది ఆమెని.

పైగా ఆ చొక్కా. జేబు సరే, దాని పై గుండీ ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. ఆ ఒక్క గుండీని ఆమె ఆ ఏడాదిలో నాలుగుసార్లు కుట్టింది, మందపు దారంతో కూడా కుట్టింది. "గుండీలతో కుస్తీ పడతారా మామయ్యా?" అంటే నవ్వి ఊరుకునేవాడు.

స్కూటరుకి ఎత్తు మీద విశ్రాంతి ఇవ్వబట్టి బంధువుల పెళ్ళికి భోజనాలు ముగిశాక చేరారు. నీళ్ళ మోటారుకి విశ్రాంతి ఇవ్వబట్టి రైలు తప్పిపోయింది. అందుకే ఆ ఆదివారం ఇల్లు కదిలేముందు కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మామయ్యా, ఒక్కమాట. ఇవాళ ఏ మెషిన్‌కీ ఇంటర్వెల్ లేదు."

"అదేమిటమ్మా, అక్కడన్నీ మెషిన్లేనట కదా!"

"అందుకే చెప్తున్నా."

వాళ్ళు వెళ్తున్నది సైన్సు మ్యూజియానికి. మామూలు మ్యూజియంలో 'ముట్టుకోరాదు' అని రాసుంటుంది. ఇక్కడ ప్రతిదాని మీదా 'దయచేసి ముట్టుకోండి' అని రాసుంటుంది. తిప్పొచ్చు, తొక్కొచ్చు, లాగొచ్చు, ఊదొచ్చు. పాపకి వాటన్నిటికన్నా కావలసింది పై అంతస్తులో ఉన్న నక్షత్రాల గది. గుండ్రటి కప్పు కింద వెనక్కి వాలి కూర్చుంటే ఆకాశం నెత్తిమీదికి దిగి వస్తుందట. అమ్మ పక్కన కూర్చుని చూడాలని దాని కోరిక. నాన్న తీసుకెళ్తానన్నా వద్దంది. అమ్మ రెండుసార్లు మాటిచ్చింది. రెండుసార్లూ ఏదో బడివాళ్ళు "రేపటికే కావాలి" అన్నారు, రెండుసార్లూ మాట గాల్లో కలిసింది. మూడోసారి చెప్పినప్పుడు పాప గంతులేయలేదు. "ఈసారి నిజంగానేనా?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న కోడలికి సూదిలా దిగింది. ఆ ఆదివారం దాటితే ఆ గదిని మరమ్మతులకని ఏడాదిపాటు మూసేస్తున్నారు. ఆఖరి ఆట ఆ సాయంత్రం నాలుగున్నరకి. దీపాలు ఆర్పాక తలుపు తియ్యరని టిక్కెట్టు మీదే అచ్చేశారు.

"చేతిలో చెయ్యేసి ఒట్టెయ్యి తాతయ్యా" అని పాప అరచెయ్యి చాపింది.

మామయ్య ఆ చేతిలో చెయ్యేశాడు. వేస్తూ వేస్తూ పై గుండీ ఒకసారి తిప్పాడు.

"మీ ఒట్టూ మీరూనూ" అంది అత్తయ్య చెప్పులేసుకుంటూ. "కుక్కతోకకి కట్టు కట్టినట్టే."

*

మ్యూజియంలో అడుగుపెట్టగానే బయటి ఎండ, రద్దీ ఎక్కడికో పోయాయి. లోపల నీలంగా మసక వెలుగు. ఎత్తయిన కప్పు నుంచి సన్నటి తీగ మీద ఒక ఇత్తడి గుండు వేలాడుతూ, ఎవరి పనో తనకక్కర్లేనట్టు, ఈ గోడనుంచి ఆ గోడకి మెల్లగా ఊగుతోంది. చెక్కబంతులు వంకర దారుల్లో దొర్లుకుంటూ, ఎక్కడో గంట మోగించి మాయమైపోతున్నాయి. ఒక మూల సబ్బునీటి తెర, మంచమంత వెడల్పున, రంగులు మార్చుకుంటూ వణుకుతోంది. కలలో ఇంకొకరి ఇంటికి వెళ్ళినట్టుంది అందరికీ. మామయ్యకి తప్ప.

ఆయన రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుని, పెదవులు బిగించి నడుస్తున్నాడు. సైకిలు తొక్కితే బల్బు వెలిగే చోట ఒక కుర్రాడు రొప్పుతూ తొక్కుతుంటే కళ్ళు మూసుకున్నాడు. చక్రం తిప్పితే సుడిగాలి లేచే గాజుపెట్టె దగ్గర మాత్రం ఉండబట్టలేక గొణిగాడు.

"పొద్దున్నుంచి ఎంతమంది తిప్పారో. పిడి చూడు, పాపం, ఎలా కాలిపోతోందో."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అంది అత్తయ్య. "దాన్ని పెట్టిందే తిప్పడానికి. నడవండి."

"నేనేమైనా అన్నానా? పిడి గురించి ఊరికే మాట్లాడుకుంటున్నాను."

"ఒట్టు, తాతయ్యా" అంది పాప.

మామయ్య చేతులు జేబుల్లో ఇంకా లోతుకి వెళ్ళాయి.

తరవాత నీడల గది. చీకట్లో ఒక తెల్లగోడ. దాని ముందు నిలబడితే ఫెళ్ళుమని వెలుగొస్తుంది, మనిషి పక్కకి తప్పుకున్నా నీడ గోడమీదే ఉండిపోతుంది. పాప రెక్కలు చాపిన కొంగలా నిలబడింది. అత్తయ్య నడుం మీద చెయ్యి పెట్టుకుంది. కోడలు నిలబడబోయి, సంచీ జారితే సర్దుకుంటూ వంగింది. వెలుగు వెలిగి ఆరింది. అందరూ పక్కకి వచ్చి చూస్తే, గోడ మీద పాప ఎగురుతోంది, అత్తయ్య ఎవర్నో తిడుతోంది, కోడలు నడుం వంచి ఏదో పని చేస్తోంది. గోడ చిమ్మే ఆకుపచ్చ వెలుగులో నీడలు నెమ్మదిగా కరిగిపోతుంటే, మామయ్య ఆ మూడో నీడ వైపే, అది పూర్తిగా పోయేదాకా, చూస్తూ నిలబడ్డాడు.

"దీనికైనా ఇవ్వొచ్చా?" అని అడిగాడు.

"నీడకా? ఇంటర్వెలా?" అంది కోడలు. "మామయ్యా, నా తల ప్రాణం తోకకి తేకండి."

ఆమెకి నిజంగానే తలనొప్పిగా ఉంది. ముందురోజు ముప్పై రెండు చొక్కాలకి కాజాలు కుట్టింది. బెంచీ కనబడ్డ చోటల్లా అత్తయ్య కూలబడి "రావే, కూర్చో" అంటుంటే, "కూర్చుంటే లేవలేనత్తయ్యా" అని నిలబడే గడియారం చూసుకుంటోంది. ఆకాశం సంగతి దేవుడెరుగు, ఆమె కళ్ళముందు కాజాలే మెరుస్తున్నాయి. బొటనవేలు ఎడమ కనుబొమ్మ మీదికి వెళ్ళింది. మామయ్య గబగబా చుట్టూ చూశాడు, ఆపడానికి ఏమన్నా దొరుకుతుందా అన్నట్టు. పాప గుడ్లురిమింది. పాపం, ఆగిపోయాడు.

*

నాలుగు దాటి పది నిమిషాలకి పెద్ద హాల్లోకి వచ్చారు. అక్కడ ఈ చివర ఒకటి, ఆ చివర మెట్ల పక్కన ఒకటి, మనిషెత్తు రేకు పళ్ళేలు రెండు ఎదురెదురుగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదాంట్లో మొహం పెట్టి గుసగుసగా మాట్లాడితే, మధ్యలో ఇంత జనం ఉన్నా, రెండోదాంట్లో చెవిపక్కన చెప్పినట్టు వినిపిస్తుంది. గుసగుసల పళ్ళేలని వాటి పేరు.

ఈ చివరి పళ్ళెం దగ్గర మెడలో కార్డు వేసుకున్న ఒకమ్మాయి పిల్లల్ని వరసలో నిలబెట్టి చెప్తోంది. "మెల్లగా మాట్లాడండి బాబూ. అరవక్కర్లేదు. పళ్ళెమే మోసుకెళ్తుంది." ఆ మాట పొద్దున్నుంచి ఎన్నివందలసార్లు చెప్పిందో, గొంతు బొంగురుపోయింది. ఒక చెప్పు విడిచి, ఆ కాలి మడమని రెండో పాదం మీద ఆన్చి నిలబడింది. కాసేపటికి కాలు మార్చింది. నవ్వు మాత్రం మార్చలేదు.

"ఇక పైకి పోదాం మామయ్యా" అంది కోడలు.

"మీరు నడవండి, మీ వెనకే వస్తున్నా."

అత్తయ్య, కోడలు, పాప జనంలోంచి దారి చేసుకుని మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూశారు. వెనక ఎవరూ లేరు. అంతలో వాళ్ళు వదిలొచ్చిన చివరినుంచి ముప్పై నాలుగేళ్ళ సర్వీసున్న గొంతు ఒకటి ఖంగుమంది.

"ఆగండాగండి! ఎవరూ ముట్టుకోకండి! ఈ పళ్ళెం అలిసిపోయింది! పది నిమిషాలు ఇంటర్వెల్!"

అత్తయ్య బెంచీ వెతుక్కుని కూర్చుంది. "అయింది" అంది.

వరసలో ఉన్న ఒక లెక్కల మాస్టారు ముందుకొచ్చాడు. "ఏమండీ, ఇందులో మోటారు లేదు. కరెంటు లేదు. ఉత్త వంపు రేకు. ఇదెలా అలుస్తుందండీ?"

"పొద్దున్నుంచి వెయ్యిమంది గుసగుసలు విందండీ. మీరు మీ ఇంట్లో ఒక్కరి గుసగుసలు పూటంతా వినగలరా?"

మాస్టారు భార్య వైపు చూశాడు. భార్య మాస్టారు వైపు చూసింది. "పదండి, ఆ సబ్బునీళ్ళ దగ్గరికి పోదాం" అన్నాడాయన. ఆయన కదిలితే ఆయన వెనక పిల్లలు, పిల్లల వెనక తల్లులు. చూస్తుండగానే ఆ మూల ఖాళీ అయిపోయింది. మామయ్య స్తంభం వెనకనుంచి ఒక స్టూలు లాక్కొచ్చి వేశాడు.

మెట్ల దగ్గర పాప కళ్ళనిండా నీళ్ళు. "ఒట్టు తప్పాడమ్మా. ఇంక మనం చూడం కదా? నాకు తెలుసు."

'నాకు తెలుసు' అన్న ఆ మాటకి కోడలికి ఒళ్ళు మండిపోయింది. నాలుగూ పదిహేను. అంతదూరం నుంచి అరిస్తే బాగుండదు. జనాన్ని తోసుకుని వెళ్ళి లాక్కొచ్చే టైము లేదు. అప్పుడు పక్కనే ఉన్న రెండో పళ్ళెం కంటబడింది. మెల్లగా మాట్లాడితే చాలు, అదే మోసుకెళ్తుంది. బాగుంది. తీగలు, ప్లగ్గులు, స్కూటరు, పెళ్ళి, రైలు, గొడుగు, పదకొండేళ్ళుగా మర్యాదకి మింగినవన్నీ మోసుకెళ్ళనీ. పళ్ళెంలో తలపెట్టి, ఊపిరి పీల్చుకుని, నోరు తెరిచింది.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. చెవిపక్కన మామయ్య మాట్లాడుతున్నాడు.

"కూర్చోమ్మా, కూర్చో. మనవరాలితో నాలుగున్నర నక్షత్రాల ఆటకి పోవాలి, అయినా ఇది ముందు. ఇంటర్వెల్లో ఆపరేటర్ కూర్చోవాలి. అది రూలు."

బొంగురు గొంతు నవ్వింది. "నిజం చెప్పండి తాతగారూ, పళ్ళెం అలుస్తుందా?"

"పళ్ళెమా? ఉత్త రేకమ్మా అది. మనందరం పోయాక కూడా అలాగే ఉంటుంది. నీకు చుక్క పడింది, అందుకని ఆపాను."

"చుక్కేమిటండీ?"

"రీలు అయిపోయే ముందు తెరమీద పై మూలన చిన్న చుక్క పడుతుంది. జనానికి కనబడదు, వాళ్ళు కథలో ఉంటారుగా. ఆపరేటర్‌కి కనబడుతుంది. ఇక ఆపి రెండో మెషిన్ వెయ్యి అని. మనుషులకీ పడుతుందమ్మా. నువ్వు చెప్పు విడిచి కాలి మీద కాలు ఆన్చావే, అది నీ చుక్క."

గుటకల చప్పుడు వినిపించింది. మంచినీళ్ళు తాగుతున్నట్టుంది.

"నన్నే కూర్చోమనొచ్చు కదండీ?"

"అంటే కూర్చుంటావా?"

"...ఊహూఁ. పర్లేదండీ అంటాను."

"మరి! మా కోడలూ అంతే. దానికి చుక్క ఎక్కడ పడుతుందో తెలుసా? బొటనవేలితో ఎడమ కనుబొమ్మ రుద్దుకుంటుంది. కాస్త కూర్చోమ్మా అంటే, ఈ కాలరు అయిపోనివ్వండి మామయ్యా అంటుంది. కాలరయ్యాక జేబు. జేబయ్యాక ఇంకో చొక్కా. అదే, మెషిన్ కాలిపోతోందీ అన్నావనుకో, చచ్చినట్టు ఆపి కూర్చుంటుంది. మనుషులకి తమమీద లేని జాలి మెషిన్ల మీద ఉంటుందమ్మా, అదేం చిత్రమో."

"ఆవిడకి తెలీదా?"

"తెలిస్తే ఇంకేమన్నా ఉందా? పిచ్చి ముసలోడనుకుంటుంది. అనుకోనీ. పది నిమిషాలు కూర్చుంటోంది కదా."

కోడలు బొటనవేలు సరిగ్గా అప్పుడు ఎడమ కనుబొమ్మ మీద ఉంది. దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు ఠక్కున తీసేసింది.

పాప కొంగు లాగింది. "అమ్మా, తిట్టావా?"

"ఆఁ... తిట్టాను."

"ఏమన్నాడు?"

"ఏమో తల్లీ, సరిగ్గా వినిపించలేదు. పళ్ళెం అలిసిపోయినట్టుంది."

ఆ రోజు మొదటిసారి, వెళ్ళి అత్తయ్య పక్కన కూలబడింది. పాప కడుపులో ఉండగా ఎనిమిదో నెలలో వారంరోజులు మెషిన్ బెల్టు కనబడకుండా పోవడం గుర్తొచ్చింది. మిక్సీకి ఆయాసం వచ్చిన రోజుల్లో తనకి జ్వరముండేది. టీవీకి కళ్ళు మండిన రోజుల్లో పాప కళ్ళు ఎర్రగా ఉండేవి. పెళ్ళికి పోతుంటే స్కూటరు ఎత్తు మీద చెట్టు నీడ చూసుకుని మరీ అలిసిపోయింది, వెనక కూర్చున్న అత్తయ్య నడుం పట్టుకుని మూలుగుతుంటే. అన్నీ కలిశాయి. గొడుగు ఒక్కటే ఎంత ఆలోచించినా కలవలేదు.

"ఏమే, అలా ఉన్నావ్?" అంది అత్తయ్య.

"అత్తయ్యా, మామయ్యకి నిజానికి ఏ వస్తువూ..."

"ఇన్నేళ్ళకి తెలిసిందా? నాకు పెళ్ళయిన మూడో నెలకే తెలిసింది."

"మరి రోజూ ఆయన్ని తిడతారేం?"

"తిట్టకపోతే నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోదూ? అప్పుడింకో వంక వెతుక్కోవాలి పాపం, ఈ వయసులో."

*

మామయ్య జనంలోంచి దోషిలా వచ్చాడు. "ఒట్టు తప్పాను పాపా. తప్పే. మెట్లెన్ని? నేను పరిగెడతాను చూడు."

లిఫ్టు ముందు చాంతాడంత వరస ఉంది. నలుగురూ మెట్లెక్కడం మొదలుపెట్టారు. నాలుగూ ఇరవై మూడు. పాప ముందు, అత్తయ్య పక్క కమ్మీ పట్టుకుని వెనక, మామయ్య అందరికన్నా హుషారుగా మధ్యలో. మొదటి మలుపు దాకా బాగానే ఎక్కాడు. మలుపు తిరిగాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. కానీ కోడలు ఇప్పుడు నవ్వు చూడటంలేదు. చుక్క కోసం చూస్తోంది.

కనబడింది. ఆయన వేళ్ళు పై గుండీని పట్టుకుని మెలితిప్పుతున్నాయి. ఒక మెట్టుకి ఒక మెలి. ఆమె ఆ ఏడాది నాలుగుసార్లు కుట్టిన గుండీ.

ఇన్నాళ్ళూ దారానిదే తప్పనుకుంది. ఆ ఇంట్లో అందరికీ కుర్చీ వేసిన మనిషి పొద్దున్నుంచి కూర్చోవడం తను చూడలేదు. ఇవాళే కాదు, ఎప్పుడూ గమనించలేదు. పైన తలుపు కనబడుతోంది. మనుషులు లోపలికి పోతున్నారు. ఆగితే పాపకి మూడోసారి మాట తప్పినట్టు. "ఆగుదాం మామయ్యా" అంటే ఆయన ఆగడు. "పర్లేదమ్మా" అంటాడు.

"మామయ్యా, ఆగండి" అంది. "ఈ మెట్లు అలిసిపోయాయి."

మామయ్య ఒక కాలు పైమెట్టు మీదా, ఒక కాలు కింది మెట్టు మీదా పెట్టి అలాగే నిలబడిపోయాడు.

"మెట్లా?"

"పొద్దున్నుంచి ఎంతమంది తొక్కారో. చూడండి, ఎలా వేడెక్కాయో." వంగి మెట్టు మీద అరచెయ్యి ఆన్చింది. "పది నిమిషాలు ఇంటర్వెల్. ఎవరూ తొక్కకూడదు. కూర్చోవచ్చు."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. జీవితంలో మొదటిసారి ఇంకొకరు ఒక వస్తువు బాధ గుర్తించారు. "అవునమ్మా, మెట్లంటే మరీ... అందరూ తొక్కేవాళ్ళే" అంటూ మెల్లగా కూర్చున్నాడు. గుండీ వదిలేశాడు.

పాప అమ్మ మొహంలోకి చూసింది. పై తలుపు వైపు చూసింది. తాతయ్య ఛాతీ ఎగిరెగిరి పడటం చూసింది. కింది పెదవి ఒకసారి వణికింది. తరవాత వచ్చి తాతయ్యకీ అమ్మకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

"మెట్లకి పది నిమిషాలు చాలదేమో తాతయ్యా" అంది.

కోడలు దాన్ని దగ్గరికి లాక్కుంది. కింద హాలంతా నీలంగా, మెత్తగా కనబడుతోంది. ఇత్తడి గుండు ఈ గోడనుంచి ఆ గోడకి ఊగుతోంది. దూరంగా బంతి ఒకటి గంట మోగించింది. పక్కనుంచి ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, ఈ నలుగురూ చల్లటి మెట్ల మీద, తమకేమీ తొందర లేనట్టు, వరసగా కూర్చుని ఉన్నారు. నాలుగూ ఇరవై తొమ్మిది.

అప్పుడు మైకు గరగరమంది.

"సందర్శకులకి మనవి." గొంతు బొంగురుగా ఉంది. "నక్షత్రాల గదిలో యంత్రం కాస్త అలిసిపోయింది. దానికి పది నిమిషాలు ఇంటర్వెల్. ఆఖరి ఆట నాలుగూ నలభైకి మొదలవుతుంది."

మామయ్య తొడ చరిచాడు. "విన్నారా? నేను చెప్తే ఒక్కరూ నమ్మరు! పెద్ద మెషిన్ కదా, వేడెక్కుతుంది. పైన ఎవరో గానీ మంచి ఆపరేటరు!"

కోడలు కిందికి చూసింది. స్తంభం పక్కన మైకు చేతిలో పట్టుకుని, రెండు చెప్పులూ వేసుకుని, ఆ అమ్మాయి తలెత్తి మెట్లవైపే చూస్తోంది. కోడలు చెయ్యెత్తింది. ఆ అమ్మాయీ చెయ్యెత్తింది.

"ఎవరికే చెయ్యూపుతున్నావ్?" అన్నాడు మామయ్య.

"ఎవరికీ లేదు మామయ్యా. చెయ్యి తిమ్మిరెక్కింది."

*

నక్షత్రాల గదిలో కుర్చీలు వెనక్కి వాలతాయి. మామయ్య అలవాటుగా వెనకగోడ దగ్గర నిలబడబోయాడు. ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని వందల సినిమాలు చూశాడో, అన్నీ నిలబడే, జానెడు కిటికీలోంచే. పాప చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి, చీకట్లో వెలుగొచ్చే కంత ఎక్కడుందో వెతికి, అటు వైపు గౌరవంగా తల ఊపాడు.

దీపాలు ఆరాయి. ముందు ఒకటి, తరవాత పది, తరవాత లెక్కలేనన్ని, ఆకాశం మెల్లగా నెత్తిమీదికి దిగింది. పాప ఒక చేత్తో అమ్మ వేలు పట్టుకుంది.

"అమ్మా, నిజంగానే వచ్చాం" అంది గుసగుసగా.

"వచ్చాం తల్లీ" అంది కోడలు. ఎక్కడా ఒక్క కాజా కనబడలేదు. అన్నీ నక్షత్రాలే.

పాలపుంత కప్పు మీద అలా సాగి వస్తుండగా ఈ పక్కనుంచి సన్నగా ఒక చప్పుడు మొదలై, ఇంతై అంతై, రంపంలా స్థిరపడింది. ముందు వరసలో లెక్కల మాస్టారు వెనక్కి తిరిగాడు.

"ఏమ్మా, ఆ పెద్దాయన్ని కాస్త లేపుతారా? గురక."

"లేపకూడదండీ" అంది కోడలు. "ఇంటర్వెల్ నడుస్తోంది."